ప్రెస్సు కింద పియానో

2024 మేలో ఆపిల్ వాళ్ళు ఐప్యాడ్ ప్రో కోసం వదిలిన యాడ్ మీద నిన్న మా స్టూడియోలో మళ్ళీ గొడవైంది. పెద్ద హైడ్రాలిక్ ప్రెస్సు పైనుంచి మెల్లగా దిగుతుంది. ట్రంపెట్ వంగిపోతుంది, పియానో విరుగుతుంది, రంగు డబ్బాలు పగిలి కారతాయి. గిటారు, పుస్తకాలు, కెమెరా లెన్సులు, అన్నీ నుజ్జునుజ్జు. ప్రెస్సు లేచేసరికి కింద 5.1 మిల్లీమీటర్ల మందం ఉన్న ఐప్యాడ్. వెనకాల హాయిగా ప్రేమపాట!

"వాళ్ళ పియానో వాళ్ళు విరగ్గొట్టుకుంటే మనకెందుకన్నా టెన్షన్?" అన్నాడు మా కుర్ర అసిస్టెంటు.

వడపళనిలో కూర్చుని సీరియళ్ళకి నేపథ్య సంగీతం కట్టడం నా పని. వయొలిన్లు కావాలంటే కీబోర్డు మీదే వాయించేస్తాను. టెక్నాలజీ అంటే పడని మనిషినేం కాదు. కానీ వీణకి మేళం కట్టడం, అంటే మెట్లు అమర్చడం, ఎప్పుడైనా చూశారా? మా ఆవిడ వీణ కోసం మైలాపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మైనం కరిగించి, నల్లపొడి కలిపి, 24 మెట్లూ ఒక్కొక్కటే నిలబెట్టి, తీగ మీటి, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటి... శబ్దం అడ్డొస్తోందని ఫ్యాన్ కూడా ఆపించేశారు. మే నెలలో, మద్రాసులో! అలా తయారయ్యే వస్తువులు ఫెళ్ళున విరిగే చప్పుడుని ఆ యాడ్‌లో ఎంత ముచ్చటగా వినిపించారో! నాకు కడుపులో తిప్పింది అక్కడే.

అప్పట్లో ఆపిల్ సీఈఓగా ఉన్న టిమ్ కుక్ ఎక్స్‌లో పెట్టిన ఆ వీడియో కిందే జనం ఉతికి ఆరేశారు. ఇది మానవ అనుభవాన్ని ధ్వంసం చేయడమే అన్నాడు నటుడు హ్యూ గ్రాంట్. వస్తువులంటే మర్యాద లేదా అని జపాన్ వాళ్ళు మండిపడ్డారు. రెండు రోజులకే కంపెనీ మార్కెటింగ్ పెద్ద టోర్ మైరెన్ గురి తప్పామని, క్షమించమని యాడ్ ఏజ్ పత్రికకి చెప్పాడు. టీవీలో వేద్దామన్న ఆలోచన మానుకున్నారు.

ఏఐ వచ్చి మన పొట్ట కొడుతుందని ఆర్టిస్టులంతా హడలిపోతున్న రోజులవి. 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు సమ్మెకి దిగిన కారణాల్లో అదీ ఒకటి. ఆ పుండు మీదే కారం చల్లారు. అదీ ఎవరు? తమ మాకింటోష్ కంప్యూటర్ కోసం 1984లో ఒక అమ్మాయి సుత్తి విసిరి నియంత తెర పగలగొట్టే యాడ్ వేసినవాళ్ళు! ఇన్నేళ్ళూ వాళ్ళ మిషన్లు ఎగబడి కొన్నది కూడా ఈ ఆర్టిస్టులే.

రెజా సిక్సో సఫాయీ అనే దర్శకుడు అదే వీడియోని వెనక్కి తిప్పి పెట్టాడు. ప్రెస్సు పైకి లేస్తుంటే నలిగినవన్నీ బాగై నిలబడతాయి. అది మావాడికి చూపించా.

"ఇదే వేసుంటే నేనూ కొనేవాణ్ణన్నా" అన్నాడు.

ముందు ఈఎంఐ ఎంతో కనుక్కోమన్నాను.