స్పానిష్ నేర్చుకోవాలంటే ఇంగ్లిష్‌ని కాసేపు పక్కన పెట్టండి

మా అక్క బిడ్డ బీటెక్ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటోంది. స్పానిష్ వస్తే కంపెనీల్లో గిరాకీ ఉంటుందని ఎవరో చెప్పారట. నేను ఒకప్పుడు హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో స్పానిష్ చదువుకున్నాను, ఇప్పుడు నల్గొండ రామగిరిలో పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెప్తున్నాను. అందుకని సాయంత్రాలు నా దగ్గర కూర్చుంటోంది. ఫోన్లో యాప్ పెట్టుకుని మొదలుపెట్టిన పిల్ల మొదటి వారమే టెన్షన్ పడింది. ఇంగ్లిష్‌లో 'ఈజ్' అన్నదానికి స్పానిష్‌లో రెండు క్రియలు ఉన్నాయి: సేర్, ఎస్తార్. "ఏది ఎప్పుడు వాడాలె చిన్నమ్మా?"

ఇంగ్లిష్ మీదుగా పోతే అది చిక్కే. తెలుగులోంచి చూడమన్నాను. 'ఆమె డాక్టర్' అంటాం, క్రియే లేదు. అలాంటి చోట సేర్, అది ఇక్కడ ఎస్ అవుతుంది: ఏయ ఎస్ మేదిక. 'ఆమె ఇంట్లో ఉంది' అంటాం. అక్కడ ఎస్తార్: ఏయ ఎస్తా ఎన్ కాస. ఇంకా తమాషా చూడండి. 'పెళ్లెక్కడ?' అంటే 'నల్గొండలో' అని ఊరుకుంటాం. 'పెళ్లికొడుకెక్కడ?' అంటే మాత్రం 'నల్గొండలో ఉన్నాడు' అంటాం. స్పానిష్‌లోనూ పెళ్లికి సేర్, పెళ్లికొడుక్కి ఎస్తార్. లా బోద ఎస్ ఎన్ నల్గొండ, ఎల్ నోబియొ ఎస్తా ఎన్ నల్గొండ. ఈ తేడా దగ్గర ఇంగ్లిష్ వాళ్లు తడబడతారు. మనం తడబడక్కర్లేదు.

'ఉంటుంది' అన్నది సేర్‌కు ఇంకో ఆనవాలు. మాది బత్తాయి తోటల జిల్లా కాబట్టి దగ్గరి చుట్టం నారింజతోనే చెప్పాను. నారింజ తియ్యగా ఉంటుంది, దాని గుణమే అది: లా నరాన్హ ఎస్ దూల్సె. ఈ నారింజ పుల్లగా ఉంది, అంటే చేతిలో ఉన్న ఈ కాయ సంగతి: ఏస్త నరాన్హ ఎస్తా ఆగ్రియ. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రం కాదు. చనిపోయినవాళ్లకు ఎస్తార్ వాడతారు, అక్కడ మన లెక్క తప్పుతుంది. కానీ మొదటి రెండు మూడు నెలలకు ఇది చాలు.

'నాకు కాఫీ ఇష్టం' దగ్గరైతే వివరించే పనే పడలేదు. మె గూస్త ఎల్ కఫే. కాఫీ నాకు నచ్చుతుంది అన్నట్టే. మామిడిపండ్లయితే మనం 'నచ్చుతాయి' అని బహువచనం చేస్తాం, వాళ్లు కూడా మె గూస్తన్ లొస్ మాంగొస్ అంటారు. నచ్చేది ఎవరికన్నదాన్ని బట్టి కాదు, నచ్చిన వస్తువును బట్టే క్రియ మారుతుంది. 'ఏమీ లేదు', 'ఎవరూ రావట్లేదు' కూడా అంతే: నొ ఆయ్ నాద, నొ బియేనె నాదియె. రెండు కాదనడాలు కలిస్తే అవునవుతుందని ఇంగ్లిష్ బళ్లో నేర్పిన లెక్క ఇక్కడ చెల్లదు.

క్రియ చివర చూస్తే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది, కాబట్టి 'నేను' అనక్కర్లేదు. ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, ఆబ్లన్: మాట్లాడతాను, మాట్లాడతావు, ఇట్లా. గౌరవానికి ఉస్తేద్, చనువుకు తూ. మా దిక్కు నాన్ననూ నువ్వే అంటాం, స్పెయిన్‌లోనూ ఇంట్లో తూ వాడకమే ఎక్కువ. కొలంబియా రాజధాని బొగొతాలో మాత్రం చాలా ఇళ్లలో సొంతవాళ్లను కూడా ఉస్తేద్ అంటారు.

మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి, ఊనిక. ఆబ్లొ అంటే 'మాట్లాడతాను', అదే మాటను చివర నొక్కి అబ్లో అంటే 'మాట్లాడాడు' లేదా 'మాట్లాడింది'. తెలుగులో నొక్కును బట్టి అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టుకోదు. కానీ మనకు దీర్ఘాలున్నాయి కదా! నొక్కాల్సిన చోట దీర్ఘం పెట్టి, మిగతావి పొట్టిగా తెలుగు లిపిలో రాసుకోమన్నాను. ఏస్త అంటే 'ఈ', ఎస్తా అంటే 'ఉంది'. లా, నొ లాంటి చిన్న మాటలు తప్ప ఇక్కడ నేను రాసినవన్నీ అట్లా రాసినవే. త, ద, ప, క మనవే పలకండి. ఇంగ్లిష్ ట, డ తెచ్చి పెట్టొద్దు.

రెండోది లింగం. కుర్చీకి, బల్లకు కూడా ఆడ, మగ ఉంటాయి. విశేషణం మామూలుగా నామవాచకం తర్వాత వచ్చి దాన్ని బట్టే మారుతుంది: కాస బ్లాంక (తెల్ల ఇల్లు), లీబ్రొ బ్లాంకొ (తెల్ల పుస్తకం). మా వాడకట్టులో ఉర్దూ వినీ వినీ పెరిగాం కాబట్టి ఈ ఆడ, మగ పద్ధతి వింతగా అనిపించదు, కానీ ఉర్దూను నమ్ముకుంటే మునుగుతాం. కుర్సీ ఆడ, స్పానిష్ కుర్చీ సీయ కూడా ఆడే. కితాబ్ ఆడ, లీబ్రొ మాత్రం మగ. చివర ఒ వస్తే మగ, అ వస్తే ఆడ అన్నది మామూలు లెక్క. మగ మాటకు ముందు ఎల్, ఆడ మాటకు ముందు లా వస్తాయి. ఎల్ దీయ (రోజు), ఎల్ మాప (పటం), ఎల్ ప్రొబ్లేమ (సమస్య) ఆ లెక్కను కాదంటాయి. అందుకే నోటుబుక్కులో ఎల్ గానీ లా గానీ లేకుండా మాట కనిపిస్తే కొట్టేస్తున్నాను.

మొన్న ఎల్ మానొ అని రాసింది. లా మానొ అని దిద్దితే, "చెయ్యి ఆడదెట్లయితది చిన్నమ్మా?" అంది.

అయితది, రాసుకో అన్నాను.