బర్మింగ్‌హామ్ దగ్గరే, ఆఫీసే దూరం

మొన్న శనివారం ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చాను. కోపం చల్లారక ముందే రాసేస్తున్నాను. చల్లారితే మొహమాటం అడ్డొస్తుంది.

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. గ్రీకు సొంతంగా నేర్చుకున్నాను, పదకొండేళ్లు పట్టింది. కొత్త నిబంధన రాతప్రతులను పోల్చి అసలు పాఠమేదో తేల్చే పండితులు 1997 నుంచి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సదస్సులు జరుపుకుంటున్నారు. వ్యాస సంగ్రహం పంపాను, ఒప్పుకున్నారు. వీసా కూడా పేచీ లేకుండా వచ్చింది.

పేచీ అంతా నిరభ్యంతర పత్రం దగ్గరే. దరఖాస్తులో అమాయకంగా 'బైబిలు పాఠ విమర్శ సదస్సు' అని రాశాను. పై ఆఫీసు సూపరింటెండెంటు ఆ మాటల కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన రెండు ప్రశ్నలు వేశారు. 'ఇది మత ప్రచారమా?' 'విమర్శ అయితే మనోభావాలు దెబ్బతినవా?' ఒకే ఫైలులో నేను ప్రచారకుణ్ణీ, ద్రోహినీ అయ్యాను.

మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆయన బల్ల పక్కన రెండు గంటలు నిలబడ్డాను. కుర్చీ ఉంది, దాని మీద ఫైళ్లున్నాయి, తీయమని ఎవరూ అనలేదు. చివరికి తలెత్తి, "తెలుగు మాస్టారు కదా మీరు, ఈ బైబిలు గొడవ మీకెందుకండీ? మతం మారారా?" అని గదంతా వినేలా అడిగారు. గుమాస్తాలందరూ నా వైపు తిరిగారు. తాత కాలం నుంచి మాది చర్చికి వెళ్లే కుటుంబమే. ఆ మాట చెప్పాలా వద్దా అని తడబడ్డాను. ఆయన ప్రశ్న కన్నా నా తడబాటే ఇప్పటికీ గుచ్చుతోంది.

తేరుకుని, "సార్, వేమన గంగిగోవు పద్యం ఒకసారి చెప్పండి" అన్నాను. "గరిటెడైనను చాలు" దాకా చెప్పారు. టీ గ్లాసులు తీస్తున్న అటెండరు, "గంటెడైనను కదండీ!" అన్నాడు. "సార్, ఇదే నా పని. బ్రౌను దొర పండితులను పెట్టుకుని వేమన ప్రతులు పోల్పించి 1829లో అచ్చువేయించింది కూడా ఇలాగే" అన్నాను. గెలిచాననుకున్నాను. ఆయన అటెండరును కసిరి, "గరిటే కరెక్టు" అని తేల్చేసి, విదేశంలో మత ప్రచారం చేయనని స్టాంపు కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను.

వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే. 'విమర్శ' అన్న మాట ముట్టుకోకండి. 'ప్రాచీన రాతప్రతుల పరిష్కరణ' అనండి. ఆ మాట విని మా పాస్టరుగారు కూడా రెండు ఆదివారాలు నా పేరు పెట్టి ప్రార్థన చేయించారు.

ఇక నా వ్యాసం. మొదటి తిమోతి 3:16లో మన తెలుగు బైబిలు 'ఆయన సశరీరుడుగా ప్రత్యక్షుడయ్యెను' అంటుంది. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలులో అక్కడ 'దేవుడు' అని ఉంటుంది. గ్రీకులో ఈ తేడా అంతా గీతలదే. ఆ మాట రెండక్షరాలే, ఓమిక్రాన్, సిగ్మా. గుండ్రటి ఓమిక్రాన్ అక్షరం కడుపులో అడ్డగీత ఉంటే అది థీటా అనే మరో అక్షరం. మాటను కుదించి రాశామని చెప్పే గీత పైన కూడా ఉంటే 'దేవుడు', ఏ గీతా లేకపోతే 'ఎవరైతే', అంటే మన తెలుగులోని 'ఆయన'. సినాయిటికస్ అనే ప్రాచీన గ్రీకు బైబిలు రాతప్రతిలో మొదట రాసింది గీత లేనిదే; 'దేవుడు' తర్వాతి చేతి దిద్దుబాటు. అలాంటిదే మరో ప్రతి అలెగ్జాండ్రినస్‌లో కనిపించే గీత అసలుదా, చర్మపత్రం అవతలి వైపు సిరా ఇటు తేలిందా అన్నది పాత తగువు. ఈ పాఠం దగ్గర రాజుకున్న వివాదంలోనే 1730లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో, ఈ ప్రతులను పోల్చిన పండితుడు వెట్‌స్టెయిన్‌కు చర్చి పదవి ఊడింది. నాకు స్టాంపు కాగితంతో సరిపోయింది.

బోర్డు మీద మన 'ధ' రాసి, కడుపులో చుక్క పెట్టి 'థ' చేశాను. తాటాకు మీద గంటంతో గీసేటప్పుడు ఆ చుక్క మానేస్తే చదివేవాడి గతేమిటని అడిగాను. హాలు ఒక్క క్షణంలో అందుకుంది. ముందు వరుసలోని పెద్దావిడ లేచి వచ్చి రెండక్షరాలనూ తన పుస్తకంలో దించుకున్నారు. గొప్పలు కాదు గానీ, ఆ రోజు కాఫీ విరామంలో నేను కాఫీ తాగనే లేదు, అన్ని ప్రశ్నలు.

నిన్న సెలవు మంజూరు సంగతి కనుక్కోవడానికి ఫోను చేశాను. ఫైలు మళ్లీ అదే బల్ల మీద ఉంది. సదస్సు ధ్రువపత్రం అటెస్ట్ చేయించి, తెలుగు అనువాదం జతచేయాలట. 'క్రిటిసిజం'కు ఏ మాట పెట్టాలో ఆలోచిస్తున్నాను.