సభ్యత్వ ఫీజు తగ్గించమని అడిగే పరిస్థితే రాకూడదు

పోయిన రెన్యువల్ సీజన్‌లో వచ్చిన ఒక మెయిల్ నా మనసులోంచి పోవడం లేదు. నేనున్న అంతర్జాతీయ సైన్స్ సొసైటీ చిన్నది. సభ్యత్వ కమిటీలో మేం నలుగురం, ఫీజు తగ్గించమని ఎవరు రాసినా ఆ ఉత్తరం మా దగ్గరికే వస్తుంది. ఈ మెయిల్ రాసినామె పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉంది. మూడు పేరాలు రాస్తే అందులో రెండు క్షమాపణలే: ఇబ్బంది పెడుతున్నందుకు, ఆలస్యమైనందుకు, నిరుడు కట్టలేకపోయినందుకు. స్టైపెండ్ స్లిప్పు ఫోటో తీసి జతచేసింది. బ్యాంకు ఖాతా నంబరు కనపడకుండా దాని మీద చిన్న కాగితం ముక్క పెట్టింది కానీ అది కాస్త పక్కకు జరిగి చివరి రెండు అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి. గైడు సంతకంతో ఒక లెటరు కూడా ఉంది. ఇవన్నీ ఆమె తనంతట తాను పంపినవి కావు, మేం అడిగితే పంపినవి. మా ఫీజుల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది, ఆర్థిక ఇబ్బంది ఉన్నవారు తగిన ఆధారాలతో కార్యదర్శికి రాయవచ్చు అని.

ఆ వాక్యం రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాశారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ స్లిప్పు చూశాక నాకు చాలా సిగ్గనిపించింది.

ఒకే ఫీజు అందరికీ అంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఫీజు 100 డాలర్లు అనుకుందాం. ప్రపంచ బ్యాంకు ఏటా జులై 1న దేశాలను తలసరి జాతీయ ఆదాయాన్ని బట్టి నాలుగు గుంపులుగా విడదీస్తుంది: అల్ప, దిగువ మధ్య, ఎగువ మధ్య, అధిక ఆదాయ దేశాలు. 2024 జులైలో ప్రకటించిన హద్దుల ప్రకారం ఏడాదికి 1,145 డాలర్లు, అంతకంటే తక్కువ అయితే అల్ప ఆదాయం, 14,005 దాటితే అధిక ఆదాయం. అంటే అల్ప ఆదాయ గుంపులో అన్నిటికంటే పైనున్న దేశంలో కూడా ఆ 100 డాలర్లు సగటు మనిషి నెల రాబడి కంటే ఎక్కువ. అధిక ఆదాయ గుంపు గుమ్మంలో ఉన్న దేశంలో అది మూడు రోజుల లోపు రాబడి. తలసరి 60,000 ఉన్న చోట ఒక్క రోజు రాబడి కూడా కాదు. శాస్త్రవేత్త జీతం, దేశ సగటు ఒకటి కావని నాకు తెలుసు, అయినా ఈ తేడా ఏ స్థాయిలో ఉందో తెలియడానికి ఈ లెక్క చాలు. ఒకరికి నెల, ఇంకొకరికి ఒక పూట. దీన్ని ఒకే ఫీజు అని ఎలా అంటాం?

కొనుగోలు శక్తి లెక్కలు వాడాలి కదా, ఆ దేశాల్లో బతకడానికి అయ్యే ఖర్చు తక్కువ కదా అని కమిటీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. కానీ మన ఫీజు ఆ దేశపు అద్దెలాగా, బస్సు టికెట్‌లాగా అక్కడి ధరల్లో ఉండదు, డాలర్లలోనో యూరోల్లోనో కట్టాలి. కాబట్టి మారకపు రేటు మీద ఆధారపడ్డ లెక్కే ఇక్కడ సరైనది. ప్రపంచ బ్యాంకు ఈ వర్గీకరణకు వాడే అట్లాస్ పద్ధతి అదే చేస్తుంది, పైగా మూడేళ్ల రేట్లు చూస్తుంది కాబట్టి ఒక్క ఏడాది కరెన్సీ పడిపోయినంత మాత్రాన అంతా తారుమారు కాదు.

అసలు ఒక సభ్యుడు కొత్తగా చేరితే సొసైటీకి అయ్యే ఖర్చు ఎంత? జర్నల్ అచ్చువేసి పోస్టులో పంపే రోజుల్లో కాగితానికీ స్టాంపులకీ నిజంగానే డబ్బులయ్యేవి. ఇప్పుడు ఒక లాగిన్, కొన్ని మెయిల్స్, అంతే. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ లాంటి పెద్ద సంస్థ తలసరి ఆదాయం తక్కువున్న దేశాల వాళ్లకు అన్నీ ఆన్‌లైన్‌లోనే అందే ఎలక్ట్రానిక్ సభ్యత్వం తక్కువ ఫీజుకు పెట్టడం వెనక ఉన్న తర్కం కూడా ఇదే. రాబడి పోతుందని కోశాధికారులు భయపడతారు, వాళ్ల బాధ్యత అది, నేను తప్పు పట్టను. కానీ 100 డాలర్లు కట్టలేక చేరనివాళ్ల నుంచి ఇప్పుడు వస్తున్నది సున్నా. పది డాలర్లకు వాళ్లు చేరితే పోయేదేమిటి?

ఫీజు మాఫీ ఈనాటిది కాదు. 1672లో రాయల్ సొసైటీలో చేరిన ఐజాక్ న్యూటన్‌ను 1675లో ఆ సొసైటీ వారానికో షిల్లింగు చందా నుంచి మినహాయించింది. అదే మనిషి 1703లో దానికి అధ్యక్షుడయ్యాడు. అయితే అప్పుడు సొసైటీ వాళ్లందరికీ ఆయన తెలుసు, ఆయన పరిస్థితీ తెలుసు. ఇప్పుడు మనకు రాసే అమ్మాయి మనకు తెలియదు. తనెవరో, తన దగ్గర ఎంత లేదో ఆమే నిరూపించుకోవాలి. ఇక రాయకుండానే ఊరుకున్నవాళ్ల సంగతి మనకు ఎప్పటికీ తెలియదు. నా అనుభవంలో రాసేవాళ్ల కంటే మౌనంగా జారుకునేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే నెలల తర్వాత ఏ కాన్ఫరెన్స్‌లోనో కలిసినప్పుడు అలాంటి సౌకర్యం ఉందా అని ఆశ్చర్యపోతారు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. తగ్గింపు పట్టికలోనే ఉండాలి. ఫారంలో దేశం ఎంచుకోగానే ఫీజు దానంతట అదే మారాలి. ఆధారాలు, ఉత్తరాలు, క్షమాపణలు ఏవీ ఉండకూడదు.

దేశాన్ని బట్టి స్లాబులు పెడితే అన్నీ సర్దుకుంటాయా అంటే, సర్దుకోవు. శ్రీలంకనే చూడండి, 2019 జులైలో ఎగువ మధ్య ఆదాయ గుంపులోకి వెళ్లింది, 2020 జులైలో మళ్లీ దిగువ మధ్యకు వచ్చింది. ఇండోనేషియా 2020లో పైకి, 2021లో కిందికి, 2023లో మళ్లీ పైకి. ఈ మధ్యలో అక్కడి పరిశోధకుల జీతాలు గుంపు మారినప్పుడల్లా మారలేదు కదా! ఒక్క గీత దాటినందుకు ఫీజు రెట్టింపైతే వాళ్లకు అర్థం కాదు, మనం వివరించలేం కూడా. పైకి వెళ్లిన దేశం వరుసగా మూడేళ్లు అక్కడే ఉంటేనే ఫీజు పెంచాలి, కిందికి వస్తే మాత్రం అదే ఏడాది తగ్గించాలి. వెనెజువెలాది ఇంకో సమస్య. సరైన లెక్కలు అందుబాటులో లేక 2021లో ప్రపంచ బ్యాంకు దాన్ని ఏ గుంపులోనూ పెట్టలేదు. నాలుగు గుంపుల కోసమే రాసిన ఫారంలో ఐదో రకం దేశం వస్తే ఏమవుతుంది? చాలా చోట్ల పూర్తి ఫీజు పడుతుంది, ఎందుకంటే ఏ గుంపూ దొరకనివాళ్లకు పూర్తి ఫీజే అని ఎవరో ఎప్పుడో రాసిపెట్టి ఉంటారు. అలాంటి దేశాలకు అన్నిటికంటే తక్కువ ఫీజు పడేలా పెట్టాలి, అక్కడ లెక్కలే అందడం లేదంటే పరిస్థితి బాగాలేదనే కదా.

సగటుతో కూడా ఇబ్బందే. చమురు డబ్బుతో ఈక్వటోరియల్ గినీ కొన్నేళ్లు అధిక ఆదాయ జాబితాలో ఉంది, అక్కడి మామూలు జనం చేతిలో ఆ డబ్బు లేదు. దీనికి తోడు దేశం అంటే ఏ దేశం, పుట్టిందా, ఉంటున్నదా? పేద దేశం నుంచి ధనిక దేశానికి వెళ్లి చిన్న ఫెలోషిప్ మీద బతుకుతున్న విద్యార్థి పూర్తి స్లాబులో పడతాడు. పేద దేశంలో పెద్ద అంతర్జాతీయ సంస్థ జీతం తీసుకుంటున్న నిపుణుడు అడుగు స్లాబులో పడతాడు. రెండో దాని గురించి నాకు పెద్దగా బెంగ లేదు, అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు. మొదటిదానికి మాత్రం స్లాబుల పక్కనే ఇంకో గడి ఉండాలి: నా వార్షిక ఆదాయం ఇంతలోపు అని సభ్యుడు టిక్ పెడితే చాలు, నమ్మేయాలి. ఎవరో ఒకరు అబద్ధం చెప్తారనే భయంతో అందరి దగ్గరా స్లిప్పులు అడిగితే, ఆ స్లిప్పులు చూసే పనికే ఫీజు కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

తగ్గించిన ఫీజుతో హక్కులు తగ్గించకూడదు. ఐక్యరాజ్యసమితి బడ్జెట్‌లో ఒక దేశం వాటా గరిష్ఠంగా 22 శాతం, కనిష్ఠంగా 0.001 శాతం, స్థోమతను బట్టి. సర్వసభ్య సభలో మాత్రం దేశానికి ఒక్కటే ఓటు. అంతర్జాతీయ గణిత సంఘంలో దేశాలకు అసోసియేట్ సభ్యత్వం అని ఒకటుంది, చందా కట్టక్కర్లేదు కానీ ఓటు ఉండదు. దేశాల స్థాయిలో దానికి కారణాలు ఉండొచ్చు. వ్యక్తుల స్థాయిలో మాత్రం పది డాలర్లు కట్టినవాళ్లూ వంద కట్టినవాళ్లూ ఒకే బ్యాలెట్ వేయాలి, కమిటీలకు పోటీ చేయాలి, అవార్డులకు పేర్లు పంపాలి. కొత్త ఫీజుల పట్టిక కోసం రాస్తున్న మా ముసాయిదాలో ఈ వాక్యం మొదటి పేజీలోనే పెట్టాను.

ఇంకా తేలనిది చెల్లింపు. ఫీజు పది డాలర్లకు తగ్గించినా, అంతర్జాతీయ కార్డు లేనివాళ్లు బ్యాంకు ద్వారా పంపాలంటే ట్రాన్స్‌ఫర్ చార్జీ అంతకంటే ఎక్కువ పడొచ్చు. అల్ప ఆదాయ దేశాలకు పూర్తిగా ఉచితం చేయడమే తేలికని నేనంటున్నాను. లేదంటే మూడేళ్ల ఫీజు ఒకేసారి తీసుకోవాలి, లేదా ఒక యూనివర్సిటీ విభాగం తరఫున అందరిదీ కలిపి ఒకే బిల్లు వేయాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీని మీద గట్టి చర్చే ఉంటుంది.

ఇంతకీ ఆ మెయిల్ రాసినామె ఫీజు తగ్గించమని అడిగింది ట్రావెల్ గ్రాంట్ కోసం. కాన్ఫరెన్స్‌కు వెళ్లడానికి డబ్బులేనివాళ్ల కోసం పెట్టిన ఆ గ్రాంట్‌కు దరఖాస్తు చేయాలంటే ముందు సభ్యత్వం కట్టి ఉండాలి. మేం నలుగురం స్లిప్పు చూసి, లెటరు చూసి, ఆమె ఫీజు పూర్తిగా మాఫీ చేశాం. ఆ నిర్ణయానికి మాకు పదకొండు రోజులు పట్టింది. దరఖాస్తు గడువు అప్పటికి రెండు రోజుల ముందే ముగిసింది.