రాయలసీమ ఎండలో టర్బో సైజు ఎంచుకోవడం

"అన్నా, ఏ టర్బో వేస్తే ఎంత బీహెచ్‌పీ వస్తుంది?" అని అనంతపురం కుర్రవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. బీహెచ్‌పీ అంటే ఇంజిన్ ఇచ్చే హార్స్‌పవర్. కారు మీద మమకారంతో అడిగే ప్రశ్న కనుక దానికి వివరంగా జవాబు చెప్పాలని నా కోరిక. ఇంజిన్ వదిలే ఎగ్జాస్ట్ టర్బోలోని టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది, అదే షాఫ్ట్ మీదున్న కంప్రెసర్ చక్రం గాలిని కుదిస్తుంది. టర్బో చేసే పని అలా గాలిని కుదించి ఇంజిన్‌కు అందించడం వరకే. ఆ గాలికి తగినంత పెట్రోల్ కలిసి, నాకింగ్ (మిశ్రమం తనంతట తాను పేలినట్టు మండి ఇంజిన్‌ను దెబ్బతీయడం) రాకుండా మండినప్పుడే పవర్ పుడుతుంది. అందుచేత ఎంత పవర్ కావాలో ముందు నిర్ణయించుకుని, దానికి నిమిషానికి ఎన్ని కిలోల గాలి అవసరమో లెక్క కట్టి, ఆ గాలిని మే నెల మధ్యాహ్నం కూడా ఇబ్బంది పడకుండా ఇవ్వగల టర్బోల్లో అన్నిటికన్నా చిన్నదాన్ని ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

లెక్క కష్టమైనదేమీ కాదు. రెండు లీటర్ల పెట్రోల్ ఇంజిన్ నుంచి 300 హార్స్‌పవర్ కావాలనుకుందాం. ఫుల్ థ్రాటిల్ మీద, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, టర్బో పెట్రోల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 250 గ్రాముల పెట్రోల్ తాగుతుంది కాబట్టి, మొత్తం గంటకు 75 కిలోలు అవుతుంది. బరువులో ఒక వంతు పెట్రోల్‌కు 12 వంతుల గాలి చొప్పున వేసుకుంటే గంటకు 900 కిలోల గాలి, అంటే నిమిషానికి 15 కిలోలు కావాలి. టర్బో కంపెనీలు ఇచ్చే మ్యాపుల్లో (కంప్రెసర్ ఎంత గాలిని ఎంత పీడనంతో ఇవ్వగలదో చూపే పటాల్లో) ఈ కొలత ఎక్కువగా పౌండ్లలో ఉంటుంది కనుక 33 పౌండ్లు అని రాసి పెట్టుకోవచ్చు.

తరువాత పీడనం చూడాలి. నాలుగు సిలిండర్లూ కలిసి ఇంజిన్ రెండు చుట్లు తిరిగేసరికి ఒకసారి 2 లీటర్లు పీల్చుకుంటాయి. 6,500 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) వద్ద అది నిమిషానికి 6,500 లీటర్లు. సిలిండర్లు నూటికి 95 వంతులు నిండుతాయనుకుంటే దాదాపు 6.2 ఘనపు మీటర్లు. అంత చోటులో 15 కిలోల గాలి పట్టాలంటే ఘనపు మీటరుకు 2.4 కిలోల సాంద్రత ఉండాలి. మన ప్రాంతం లెక్కలోకి వచ్చేది ఇక్కడే. సముద్ర మట్టం వద్ద, 15 డిగ్రీల చల్లదనంలో, ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. అనంతపురం సముద్ర మట్టానికి 330 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. 42 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు ఇక్కడి గాలి 1.07 కిలోలే తూగుతుంది. చల్లని దేశంలో ఎవరో వేసిన లెక్కను ఉన్నది ఉన్నట్టు తెచ్చుకుంటే, టర్బో మీద చెయ్యి వేయకముందే నూటికి దాదాపు 13 వంతుల గాలి తగ్గిపోయి ఉంటుందన్నమాట.

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) గాలి 55 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుందనుకుంటే, ఆ సాంద్రతకు దాదాపు 2.3 బార్ల సంపూర్ణ పీడనం (శూన్యం నుంచి కొలిచినది) కావాలి. మీటరు మీద కనిపించే బూస్ట్ (బయటి గాలి పీడనానికి పైన ఉన్న పీడనం) లెక్కలో అది 1.3 బార్లు, అంటే 19 పీఎస్‌ఐ. కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల్లో కొంత పీడనం పోతుంది, ఎయిర్ ఫిల్టర్ దగ్గర కొంత పోతుంది. అవన్నీ కలుపుకుంటే కంప్రెసర్ తన ముందున్న గాలిని రెండున్నర రెట్లు కుదించాల్సి వస్తుంది. ఈ రెండున్నర, ఆ 33 పౌండ్లు దొరికాక కంప్రెసర్ మ్యాప్ తెరవవచ్చు. చాలా మ్యాపులు 29 డిగ్రీల దగ్గరి గాలికి గీసినవి కనుక, మన ఎండకూ ఎత్తుకూ సరిచేస్తే 33 కాస్తా 34, 35 మధ్యకు చేరుతుంది. కొందరు ట్యూనర్లు ఈ చిన్న సవరణను పట్టించుకోరు. జనవరిలో ట్యూన్ చేసిన బండి మేలో నీరసించిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మ్యాప్‌లో అడ్డంగా గాలి పరిమాణం, నిలువుగా పీడన నిష్పత్తి ఉంటాయి. మధ్యలో ఒకదాని చుట్టూ ఒకటిగా ఉండే వలయాలు కంప్రెసర్ సామర్థ్యాన్ని చూపుతాయి. అన్నిటికన్నా లోపలి వలయంలో అది 75 శాతం దాకా ఉంటుంది, అంచులకు పోయేకొద్దీ 60కి పడిపోతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంత పెద్దదో చాలామంది గమనించరు. 42 డిగ్రీల గాలిని రెండున్నర రెట్లు కుదించేటప్పుడు, సామర్థ్యం 75 శాతమైతే కంప్రెసర్ నుంచి వచ్చే గాలి 168 డిగ్రీలు ఉంటుంది. 60 శాతమైతే అదే గాలి 199 డిగ్రీలకు చేరుతుంది. ఆ అదనపు ముప్పై డిగ్రీలనూ ఇంటర్‌కూలరే మోయాలి. కానీ ఇంటర్‌కూలర్ గాలిని బయటి గాలికన్నా చల్లబరచలేదు. పైగా మన రోడ్ల ఎర్రమట్టి దాని రెక్కల మధ్య పేరుకుని గట్టిపడి ఉంటే, ఉన్న పనితనం కూడా తగ్గుతుంది. మానిఫోల్డ్‌లోకి వేడి గాలి వెళ్లినప్పుడు నాకింగ్ మొదలవుతుంది, ఇంజిన్‌ను కాపాడుకోవడానికి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, బూస్ట్ మీటరు మాత్రం పూర్తి పీడనాన్నే చూపిస్తూ ఉంటుంది. చిన్న టర్బోను దాని శక్తికి మించి తిప్పితే జరిగేది ఇదే.

అలాగని పెద్దది వేసి నిశ్చింతగా ఉందామనుకుంటే అటువైపు వేరే కష్టాలు ఉన్నాయి. మ్యాప్ ఎడమ అంచున సర్జ్ గీత ఉంటుంది. గాలి తక్కువగా, పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు కంప్రెసర్ రెక్కల మీద గాలి నిలవలేక వెనక్కి తన్నుతుంది. యాక్సిలరేటర్ తొక్కి ఉండగానే టపటపమని కొట్టుకునే ఆ చప్పుడు కొందరికి ముచ్చటగా అనిపించవచ్చు గాని, ఒక్కో తన్నూ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద పడే దెబ్బ. మన ఇంజిన్‌కు 3,000 ఆర్‌పీఎం వద్ద ఇదే బూస్ట్ కావాలంటే గాలి నిమిషానికి 7 కిలోల దగ్గరే ఉంటుంది. ఆ బిందువు సర్జ్ గీతకు కుడివైపున పడుతుందా లేదా అన్నది తప్పక చూసుకోవాలి.

ఇంకొకటి జడత్వం. ఒకే పోలిక గల రెండు చక్రాల్లో ఒకటి పది శాతం పెద్దదైతే దాని జడత్వం ఆరవై శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వ్యాసానికి అయిదో ఘాతంలో పెరుగుతుంది. పెద్ద టర్బో అన్నప్పుడు వచ్చే ల్యాగ్‌కు, అంటే తొక్కిన తరువాత బూస్ట్ రావడానికి పట్టే ఆలస్యానికి, మూలం అక్కడ ఉంది. 1977లో రెనో జట్టు ఫార్ములా వన్‌లోకి ఒకటిన్నర లీటర్ల వీ6 ఇంజిన్‌కు ఒకే టర్బో బిగించుకుని వచ్చింది, ల్యాగ్‌తో నానా అవస్థా పడింది. 1979లో ఆ ఒక్కదాని స్థానంలో రెండు చిన్న టర్బోలు పెట్టారు. ఆ ఏడాదే డిజోన్‌లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచారు. నాకు ఆ గెలుపంటే ఎంతో ఇష్టం. వేగాన్నే వృత్తిగా పెట్టుకున్న జట్టు కూడా చిన్న చక్రాల వైపు జరిగిందన్న సంగతి, అందరికన్నా పెద్ద టర్బో కావాలని పట్టుబట్టే కుర్రవాళ్లకు చెప్పదగినది.

టర్బైన్ వైపు ఏ బై ఆర్ అనే నిష్పత్తి ఉంటుంది. ఎగ్జాస్ట్ వచ్చే దారి వైశాల్యాన్ని (ఏ) చక్రం కేంద్రం నుంచి ఆ దారికి ఉన్న దూరంతో (ఆర్) భాగిస్తే అది వస్తుంది. 0.63 హౌసింగ్‌లో ఎగ్జాస్ట్ ఇరుకు దారిలో వేగంగా వచ్చి చక్రాన్ని త్వరగా తిప్పుతుంది. 0.82లో ఆలస్యంగా తిప్పినా పై ఆర్‌పీఎంలో ధారాళంగా బయటికి పోతుంది. ఇరుకు మరీ ఎక్కువైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో పీడనం బూస్ట్‌ను మించిపోయి, కాలిన వేడి వాయువు సిలిండర్‌లోనే కొంత మిగిలి, మళ్లీ నాకింగ్ దగ్గరికే తీసుకొస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు ట్విన్ స్క్రోల్ (ఎగ్జాస్ట్‌కు రెండు వేర్వేరు దారులున్న టర్బో) దొరికితే దానికే నా ఓటు. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 అయినప్పుడు 1, 4 సిలిండర్లను ఒక దారిలో, 2, 3 సిలిండర్లను మరో దారిలో పంపితే ఒకదాని ఎగ్జాస్ట్ మరొకదానికి అడ్డు తగలదు.

కడపలో ఉండే ఒక మిత్రుడి స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కారు విషయంలో ఈ లెక్కంతా వేసి చూశాం. దానికి కంపెనీ నుంచి వచ్చింది ఐఎస్20 అనే టర్బో, బండి పవర్ 230. ఆయనకు 300 కావాలి. 450 ఇస్తుందని అమ్మేవాడు చెప్పే హైబ్రిడ్ టర్బో (కంపెనీ హౌసింగ్‌లోనే పెద్ద చక్రాలు అమర్చినది) మీద కూడా ఆయనకు మనసు ఉంది. స్కానర్ పెట్టి, ఆయన రోజూ తిరిగే తీరులోనే బండి నడిపి రీడింగులు తీశాం. రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నప్పుడు, లారీ వెనుక నుంచి రెండో గేర్‌లో బయటికి తీసి తొక్కే ఆ కొద్ది క్షణాల్లో, ఆర్‌పీఎం ముల్లు ఎక్కువగా 2,500కూ 4,000కూ మధ్యనే ఉంది. కర్నూలు వెళ్లే 44వ నంబరు హైవే మీద గుత్తి, డోన్ దాటేటప్పుడు కూడా అంతే. ఘాట్‌లో ఇన్‌టేక్ ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటడం, ఆ వెంటనే టైమింగ్ డిగ్రీ డిగ్రీగా వెనక్కి పోవడం స్క్రీన్ మీద స్పష్టంగా కనిపించింది.

స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ అదే ఇంజిన్ కుటుంబంలో గోల్ఫ్ జీటీఐకి ఐఎస్20నూ, 300 హార్స్‌పవర్ గోల్ఫ్ ఆర్‌కు కొంచెం పెద్దదైన ఐఎస్38నూ ఇచ్చింది. ఐఎస్20తో కూడా ట్యూనింగ్ ద్వారా 300 దగ్గరికి చేరవచ్చు. అయితే అక్కడ అది తన అంచున పనిచేస్తుంది, అంచున పనిచేసే కంప్రెసర్ ఎంత వేడి పుట్టిస్తుందో పైన చెప్పాను. హైబ్రిడ్ టర్బో ఆయన తిరిగే ఆర్‌పీఎంలో సగం సేపు నిద్రపోతూనే ఉంటుంది. కోయంబత్తూరులోని రేస్ ట్రాక్ కరి మోటార్ స్పీడ్‌వేకు ప్రతి నెలా వెళ్లే మనిషైతే నా సలహా వేరుగా ఉండేది. ఐఎస్38 కొన్ని వందల ఆర్‌పీఎం ఆలస్యంగా లేచినా, ఆయన రోడ్లకూ ఆయన ఎండకూ సరిపోయేది అదేనని ఇద్దరం ఒప్పుకున్నాం.

సెకండ్ హ్యాండ్ టర్బో కొనేవారు షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. ఆ దిశలో చేతికి తెలిసేంత కదలిక ఉంటే థ్రస్ట్ బేరింగ్ అరిగినట్టే. పక్కకు కొద్దిపాటి కదలిక సహజమే గాని, రెక్క కొన హౌసింగ్‌ను గీరిన గుర్తు కనిపిస్తే ఆ టర్బో తీసుకోకూడదు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధమైన మార్పులను అనుమతించదు కనుక, ఆర్‌టీఓ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వారి దగ్గరా ముందుగా విచారించుకోవడం అవసరం.

మిత్రుడు ఆ విచారణ మొదలుపెట్టి, ఈలోగా పాత ఇంటర్‌కూలర్ స్థానంలో పెద్దది పెట్టించుకున్నాడు. దానితో ఒక వేసవి నడిపి, అదే ఘాట్‌లో, అదే మధ్యాహ్నపు వేళలో మళ్లీ రీడింగులు తీశాకే ఐఎస్38కు ఆర్డర్ పెడతానంటున్నాడు.