ఆకాశపు చిత్రాలకు మార్కులు

ఆదివారం, హైదరాబాద్

పొద్దుటి నుంచి ముసురే. మన ఊరి ఆకాశం మూసుకుపోయినా, అమెరికాలో పాలోమర్ కొండ మీద జడ్‌టీఎఫ్ (జ్విక్కీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ) అనే ఆకాశపు సర్వే తీసిన చిత్రాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ కెమెరా ఒక్క ఎక్స్‌పోజరులో 47 చదరపు డిగ్రీల ఆకాశాన్ని పడుతుంది. రాత్రికి వందల ఎక్స్‌పోజర్లు. అన్నిటినీ కంటితో చూసి ఇది బాగుంది, అది బాగాలేదు అనడం అయ్యే పని కాదు, ప్రోగ్రామే కొలవాలి.

ఈ కొలతలో సగం పని నక్షత్రాలను ఏరడమే. చిత్రంలోని చుక్కలను గుర్తించే సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ అనే ప్రోగ్రామిచ్చే పట్టికలో ప్రతి చుక్కకూ ప్రకాశమూ, దాని వెలుగులో సగం పట్టే వ్యాసార్ధమూ ఉంటాయి. వ్యాసార్ధాన్ని అడ్డంగా, ప్రకాశాన్ని నిలువుగా గ్రాఫు గీస్తే నక్షత్రాలన్నీ ఒకే నిలువు వరసలో నిలబడతాయి. గెలాక్సీలు కుడివైపుకు చెదురుతాయి, కాస్మిక్ కిరణాల గాట్లు ఎడమవైపు పడతాయి. వరస పైకొస కుడికి వంగిందంటే అక్కడున్నవి పిక్సెళ్ళు నిండి పొంగిన నక్షత్రాలు. వాటిని వదిలేయాలి, లేకపోతే సీయింగ్, అంటే వాతావరణం కదలికల వల్ల బింబాలు అలుక్కుపోవడం, ఉన్నదానికంటే చెడ్డగా కనిపిస్తుంది.

మిగిలిన నక్షత్రాల బింబం సగం ఎత్తు దగ్గర ఎంత వెడల్పుందో అదే ఎఫ్‌డబ్ల్యూహెచ్ఎం. చాలామంది ఫ్రేము (ఒక ఎక్స్‌పోజరు చిత్రం) మొత్తానికి దీని మీడియన్, అంటే నడిమి విలువ, ఒక్కటి తీసి ఊరుకుంటారు. నాకది నచ్చదు, మూలల్లో జరిగేదంతా అందులో మునిగిపోతుంది. ఫ్రేమును గళ్ళుగా కోసి, గడి గడికీ వెడల్పుతో పాటు బింబం ఎంత సాగింది, ఏ దిక్కుకు సాగింది అన్నవీ రాసుకోవాలి. అన్ని గళ్ళలోనూ ఒకే దిక్కుకు సాగితే ట్రాకింగ్ తప్పిందో, గాలికి టెలిస్కోప్ ఊగిందో. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు వెడల్పు క్రమంగా పెరిగితే సెన్సారు వాలి ఉందేమో చూడాలి. వెడల్పు అంతటా సమానంగా పెరిగితే ఫోకస్, పైనున్న వాతావరణం రెండూ అనుమానితులే.

వాతావరణం మీద నేరం మోపే ముందు టెలిస్కోప్ ఆకాశంలో ఎంత ఎత్తుకు చూసిందో చూడాలి. నడినెత్తి నుంచి 60 డిగ్రీలు వాలితే వాయురాశి, అంటే వెలుగు దాటి రావలసిన గాలి మందం, రెట్టింపవుతుంది. సీయింగ్ వాయురాశి 0.6 ఘాతంతో పెరుగుతుంది కాబట్టి బింబం దాదాపు ఒకటిన్నర రెట్లు లావవుతుంది, అందులో పరికరం తప్పేమీ లేదు.

పలచటి మబ్బును ఎఫ్‌డబ్ల్యూహెచ్ఎం పట్టుకోలేదు, బింబాలు సన్నగానే ఉంటాయి. గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల కేటలాగుతో పోల్చి తీసిన జీరో పాయింట్ (చిత్రంలోని వెలుగును నక్షత్రాల అసలు ప్రకాశంగా మార్చే అంకె) పడిపోతేనే మబ్బు బయటపడుతుంది. వెన్నెల రాత్రయితే జీరో పాయింట్ నిలకడగానే ఉంటుంది, నేపథ్యపు వెలుగు మాత్రం పెరిగి మసక చుక్కలను మింగేస్తుంది.

1901లో మొదలైన మన నిజామియా అబ్జర్వేటరీ వాళ్ళు ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆకాశపు పట్టీని ఫొటో ప్లేట్ల మీద పట్టి, చుక్క చుక్కనూ కంటితో కొలిచారు. ఆ ఓర్పుకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఈ కొలతలన్నీ కలిపి ఒకే మార్కు వేయడం నాకు సమ్మతం కాదు. గెలాక్సీల ఆకారం కొలిచేవారికి గుండ్రటి బింబం కావాలి, సూపర్నోవాలు (పేలిపోయే నక్షత్రాలు) వెతికేవారికి లోతు, అంటే మసక చుక్కలూ కనిపించడం, కావాలి. అందుకే వెడల్పు, సాగుడు, జీరో పాయింట్, నేపథ్యం వేర్వేరు కాలమ్‌లలోనే పెట్టాను. చెడ్డ ఫ్రేములనూ తీసేయలేదు. ఒక సూపర్నోవా వెలగడం మొదలైన రాత్రికి ఉన్నది ఆ ఒక్క ఫ్రేమే కావచ్చు.