పాడే పిల్లలకు పాట అర్థం కావాలని: ఇంగ్లిష్ అనువాదాల పుస్తకం వేసిన నా అనుభవం

బెంగళూరులో మా అమ్మాయి వెళ్లే సంగీతం క్లాసులో ఎక్కువమంది తమిళులు, కన్నడిగులు. పాడేవి మాత్రం చాలావరకు తెలుగు పాటలే. త్యాగరాజస్వామి కృతులు దాదాపు అన్నీ తెలుగులోనే ఉన్నాయి కాబట్టి కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకు ఇది తప్పదు. గమకం కాస్త తేడా వస్తే టీచర్‌గారు ఆపి మళ్లీ పాడిస్తారు. ఆ పాటలో ఎవరు ఎవరితో ఏమంటున్నారన్నది మాత్రం పిల్లలకు తెలియదు. మా అమ్మాయి ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. అయినా "నగుమోము" పాటలో "ఒగి బోధన జేసెడువారలు" దగ్గరికొచ్చేసరికి తనకీ ఏమీ అర్థం కాదు. వార్షికోత్సవంలో పాడే పాటలకు ఇంగ్లిష్ అర్థాలతో చిన్న పుస్తకం వేసిపెట్టమని టీచర్‌గారు అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను.

ముందు ఇప్పటికే ఉన్న అనువాదాలు చదవడం మొదలుపెట్టాను. ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. బ్రౌన్ దొర వేమన పద్యాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చి అచ్చు వేసింది 1829లో. త్యాగరాజు కృతులకు సి. రామానుజాచారి చేసిన అనువాదం ఉంది. వి. రాఘవన్ పీఠికతో మద్రాసు రామకృష్ణ మఠం వేసింది. అర్థం తెలుసుకోవడానికి అది చాలా నమ్మకమైన పుస్తకం. కవిత్వంగా చదువుకోవాలంటే వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల దగ్గరికి వెళ్లాల్సిందే. వాళ్ల ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనం 2002లో, అన్నమయ్య పాటల పుస్తకం 2005లో వచ్చాయి. తెలుగు రాని మా పక్కింటావిడ అన్నమయ్య పుస్తకం తీసుకెళ్లి, ఇవి ఆరువందల ఏళ్ల కిందటివంటే నమ్మబుద్ధి కావడం లేదంది. పాత భారతీయ కావ్యాలను ఇంగ్లిష్ అనువాదంతో వేసే మూర్తి క్లాసికల్ లైబ్రరీ 2015లో తెచ్చిన పెద్దన మనుచరిత్రలో ఒక పేజీలో తెలుగు మూలం, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉంటాయి. మా పుస్తకానికి ఆ పద్ధతే తీసుకున్నాను.

అనుమతుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకు పనికొస్తుంది. మూలం ఎంత పాతదైనా అనువాదం మీద హక్కు అనువాదకుడిదే. మన చట్టం ప్రకారం ఆయన జీవితకాలం, ఆ తర్వాత మరో అరవై ఏళ్లు ఉంటుంది. ఉచితంగా పంచే పుస్తకమైనా అడక్కుండా వేసుకోకూడదు. ఒక ప్రచురణ సంస్థకు వాళ్ల వెబ్‌సైట్‌లోని ఫారం నింపి పంపాను. ఏ పేజీలు, ఎన్ని కాపీలు, అమ్ముతారా పంచుతారా అన్నీ అడిగారు. ఆలస్యంగానైనా సరేనన్నారు. అనువాదకుల పేర్లు, పుస్తకం వివరాలు ఎలా వేయాలో కూడా రాసి పంపారు. ఇంకో సంస్థ నుంచి ఎన్నిసార్లు గుర్తుచేసినా జవాబు లేదు. ప్రోగ్రాం దగ్గర పడుతుంటే టెన్షన్ పెరిగి, ఆ పాటలకు మనమే అనువాదం చేసుకుందామని టీచర్‌గారితో చెప్పాను.

అలా నా చేతికి వచ్చిన మొదటి పాట "నగుమోము గనలేని". పల్లవి "శ్రీరఘువర నీ" అని ముగుస్తుంది. కాగితం మీద చూస్తే వాక్యం మధ్యలో ఆగినట్టుంటుంది. మళ్లీ పల్లవి ఎత్తుకున్నప్పుడే "నీ నగుమోము" అని పూర్తవుతుంది. చరణం చివర కూడా "త్యాగరాజనుత నీ" అని ఆగి, పల్లవిలోకి వెళ్లి అర్థం పూర్తి చేసుకుంటుంది. పల్లవిని ఒక్కసారే అచ్చు వేస్తే ఈ అల్లిక కనిపించదు. అందుకే పాటలో ఎన్నిచోట్ల పల్లవి తిరిగి వస్తుందో ఇంగ్లిష్‌లో కూడా అన్నిచోట్లా వేశాను. పేజీ పెరుగుతుందని డిజైన్ చేసే అబ్బాయి గొణిగాడు కానీ నేను తగ్గలేదు.

ఆ పాట చరణంలో త్యాగరాజు గరుత్మంతుడి మాట ఎత్తుతాడు. నీ ఆజ్ఞ విని కూడా గరుడుడు వేగంగా బయల్దేరలేదా, ఆకాశం నుంచి భూమికి చాలా దూరం అన్నాడా అని రాముణ్ణి నిలదీస్తాడు. అది చదువుతుంటే నాకు పోతన గజేంద్రమోక్షం గుర్తొచ్చింది. కచేరీలో కృతికి ముందు పద్యం పాడడం మామూలే కాబట్టి అందులోని "అల వైకుంఠపురంబులో", "సిరికిం జెప్పడు" పద్యాలు రెండిటినీ ఈ పాటకు ముందు పెడదామన్నాను. టీచర్‌గారికి ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, ఆ రోజే రాగాలు కూడా ఖాయం చేసేశారు.

"అల వైకుంఠపురంబులో" పద్యాన్ని ఇంగ్లిష్ చేయడం అన్నిటికన్నా కష్టమైంది, అన్నిటికన్నా ఆనందాన్నీ ఇచ్చింది. పోతన మనల్ని చేయిపట్టుకుని లోపలికి తీసుకెళ్తాడు. వైకుంఠం, అందులో నగరు, ఆ మూల మేడ, దాని పక్కన మందారవనం, అందులో అమృతసరస్సు, దాని ఒడ్డున చంద్రకాంతశిల, దాని మీద కలువల పాన్పు. అప్పటిగ్గానీ లక్ష్మితో వినోదిస్తున్న స్వామి కనిపించడు. ఆ తర్వాతే ఏనుగు మొర వినిపిస్తుంది. ఇంగ్లిష్ వాక్యంలో కర్తను ముందే చెప్పేస్తే ఈ నడకంతా పోతుంది. చిన్న చిన్న పాదాలుగా విరిచి అదే వరుస నిలబెట్టాను. పద్యం "సంరంభియై" అని ఆగుతుంది, వాక్యం ముగియదు. అక్కడ నేనూ ఫుల్‌స్టాప్ పెట్టలేదు. రెండో పద్యంలో అన్నీ చేయని పనులే: సిరికి చెప్పడు, శంఖచక్రాలు చేతబట్టడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ణి సిద్ధం చేయడు, చెవుల మీద పడ్డ జుట్టు సవరించుకోడు, లక్ష్మి పైటకొంగు కూడా వదలడు. ఇది ఇంగ్లిష్‌లోకి తేలికగా వచ్చింది. పోతన దగ్గర గరుడుణ్ణి కూడా పిలవకుండా పరిగెత్తిన స్వామి నా దగ్గరికి ఎందుకు రాడన్నదే త్యాగరాజు బాధగా నాకు వినిపిస్తుంది. రెండూ పక్కపక్కన చదివాక పాట పాడే అమ్మాయి, "అయితే ఆంటీ, త్యాగరాజు అలిగాడా?" అంది. తమిళమ్మాయి, తెలుగు ఒక్క ముక్క రాదు.

అప్పుడే ప్రతి పాట పైన ఇంగ్లిష్‌లో ఒక వాక్యం పెట్టాలని నిర్ణయించాను: ఎవరు, ఎవరితో, ఏ మనసుతో మాట్లాడుతున్నారని. మన పాటల్లో దేవుడితో చనువు చాలా ఎక్కువ. అది చెప్పకపోతే ప్రతి పాటా ఒకే రకం స్తోత్రంలా చదువుతారు. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల్లో కూడా శృంగార, అధ్యాత్మ కీర్తనలు వేరుచేసే ఉన్నాయి. ఆ పాటలో మాట్లాడేది అలమేలుమంగా, చెలికత్తా, అన్నమయ్యేనా అన్నది తెలియకుండా ఎంత మంచి అనువాదం ఇచ్చినా పాఠకుడు తికమకపడతాడు.

రామదాసు "ఇక్ష్వాకు కులతిలక" దగ్గర చిన్న వాదన జరిగింది. గోల్కొండ చెరసాలలో ఉన్న గోపన్న రాముడికి లెక్కలు అప్పజెబుతున్న పాట అది. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, దానికి పదివేల వరహాలు పట్టింది అంటాడు. కలికితురాయి పెట్టుకుని ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావని తిడతాడు. డ్రాఫ్ట్ చదివిన ఒక పెద్దాయన, "దేవుణ్ణి తిట్టినట్టుందమ్మా, కాస్త మెత్తగా రాయండి" అన్నారు. "తిట్టాడు బాబాయ్‌గారూ, తర్వాత ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అని ఆయనే చెప్పుకున్నాడు కదా" అన్నాను. మొదటిది మెత్తబరిస్తే తర్వాత వచ్చే ఆ చరణానికి అర్థమే ఉండదు. ఆ చరణం ఆయనే పైకి చదివి, "అలాగే ఉండనివ్వండి" అన్నారు.

మిగతాది చకచకా అయిపోయింది. తెలుగు చదవలేని పిల్లల కోసం మూలాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఇచ్చాం, దీర్ఘాలకు పైన గీతతో. ప్రెస్‌లో ఫాంటు మారి ఒత్తులు విడిపోతే ప్రూఫు మొత్తం అక్షరం అక్షరం మళ్లీ చూడాల్సొచ్చింది. తెలుగు పుస్తకం అచ్చుకిచ్చేవాళ్లు పీడీఎఫ్ చూసి సరిపెట్టుకోకుండా కాగితం మీద ప్రూఫు అడగండి.

వచ్చే ఏడు పెద్దవాళ్ల బ్యాచ్ క్షేత్రయ్య పదాలు పాడుతుంది. వాటికి ఎ.కె. రామానుజన్, నారాయణరావు, షుల్మన్ కలిసి చేసిన 1994 నాటి అనువాదాలున్నాయి. అనుమతి కోసం ఈసారి ఇప్పుడే ఉత్తరం పంపేశాను.