స్టోర్‌షుర్కన్ చర్చిలో చెవి పెట్టి వింటే

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌కి చెందిన ఆర్లాండా విమానాశ్రయంలో దిగగానే టికెట్ ధర చూసి ఒళ్లు మండింది. నేరుగా ఊళ్లోకి వెళ్లే ఎక్స్‌ప్రెస్ రైలుకి ఒకవైపే 300 క్రోనర్లు దాటుతుంది. 583 నంబరు బస్సులో మార్‌స్టా వెళ్లి అక్కడ లోకల్ రైలు పట్టుకుంటే 40 చిల్లరతో స్టాక్‌హోమ్ చేరొచ్చు. టికెట్ 75 నిమిషాలు చెల్లుతుంది. ఒక్క జాగ్రత్త: డబ్బు కట్టడానికి బస్సులో మెషిన్‌కి ఫోను, కార్డుల్లో ఏది తాకిస్తే రైలు గేటు దగ్గరా అదే తాకించాలి. బస్సులో ఫోనూ, స్టేషన్లో కార్డూ వాడితే ఖాతా ఒకటే అయినా మెషిన్ ఇద్దరనుకుని రెండు టికెట్లు కోస్తుంది.

ఇంత దూరం వచ్చింది ‘ది నైఫ్’ అనే స్వీడన్ ఎలక్ట్రానిక్ సంగీత జంట కోసం. కరిన్ డ్రేయర్, ఓలోఫ్ డ్రేయర్ తోబుట్టువులు. 1999లో మొదలుపెట్టి 2014లో ఆపేశారు. 2006లో వచ్చిన ‘సైలెంట్ షౌట్’ ఆల్బమ్‌ని కొంత పాత కార్బన్ డయాక్సైడ్ ఫ్యాక్టరీలో, కొంత స్టాక్‌హోమ్ పాతబస్తీ గామ్లా స్టాన్‌లోని స్టోర్‌షుర్కన్ చర్చి కింద ఉన్న కమాను గదుల్లో రికార్డు చేశారు.

చర్చిలోకి టికెట్ ఉంది. అందరూ 1489 నాటి డ్రాగన్ శిల్పం చుట్టూ మూగుతారు. ‘ది నైఫ్’ పేరు మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు, మనసు చివుక్కుమంది. ఎర్ర ఇటుక స్తంభం పక్కన నిలబడి ఉండగా ఎవరో కుర్చీ జరిపారు. ‘కర్ర్’మన్న చప్పుడులో పదును ముందే పోయింది, అడుగున ఉన్న గుంయ్‌మనే మోత మాత్రం పైకప్పు దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఇక్కడ పాడితే మాటలన్నీ ఒకదానిమీదొకటి పడి అలుక్కుపోతాయి. చిన్న కమాను గదిలో అలా కాదు. గోడలు దగ్గర కాబట్టి ప్రతిధ్వని వెంటనే వస్తుంది, త్వరగా చస్తుంది. గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంటుంది, ఆ గది చలి కూడా వినిపిస్తుంది.

ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాటలో కరిన్ గొంతుకి తోడు, శ్రుతి దించిన గొంతు ఇంకొకటి నడుస్తుంది. ఇంట్లో ఇలా చేయబోతే ముందు చెడేది ‘స’కారం. 12 సెమిటోన్లు, అంటే ఒక పూర్తి స్థాయి, దించితే ప్రతి పౌనఃపున్యం సగమవుతుంది. 7,000 హెర్ట్జ్ దగ్గరున్న బుస 3,500కి దిగి, నోట్లో ముద్ద పెట్టుకుని పలికినట్టవుతుంది. అందుకని దించిన పొరలో ‘స’లు తగ్గించి అసలు పొరలోవి ఉంచాలి. గది మోతతో రికార్డు చేసిన గొంతుని దించితే మోత కూడా దిగి బురదవుతుంది. మైకు నోటికి దగ్గరగా పెట్టి, గది మోత పడకుండా పొడిగా రికార్డు చేసి, దించి, ఆ తర్వాతే మోత కలపాలి.

తిరుగు రైల్లో అదే పాట పెట్టాను. ఊరి కింద సొరంగంలో చక్రాల రొద దించిన గొంతుని పూర్తిగా మింగేసింది, పైగొంతు ఒక్కటే పాడుతోంది. ఓడెన్‌ప్లాన్ స్టేషన్ దాటి రైలు వెలుతురులోకి రాగానే రెండో గొంతు మళ్లీ పక్కన చేరింది.